పెద్ద గ్లైడరుకి ఇద్దరు కావాలి

"ఎ కీ! చోఖ్ నేయీ?"

సుహాస్‌కి బెంగాలీ అంతంత మాత్రం. కానీ కళ్ళు లేవా అని తిడుతున్నారని తెలుసుకోవడానికి భాష రానక్కర్లేదు. ఎదురుగా మట్టిరోడ్డు మీద స్కూటీ పక్కకి ఒరిగి ఉంది. దాని వెనక కట్టిన నీలం ఐసు పెట్టె మీద అతని గ్లైడరు రెక్కలు చాపుకుని బోర్లా పడుంది. పెట్టె పక్కన ఒకమ్మాయి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుంది. పట్టుకున్న తీరు చూస్తే విసిరేలాగే ఉంది.

"సారీ దీదీ... గాలి... హవా..."

"హవా అంట, హవా!" కోపం నెత్తికెక్కేసరికి ఆమెకి బెంగాలీ అయిపోయి తెలుగొచ్చేసింది. "ఇందులో పదకొండు మంది రక్తం ఉంది, తెలుసా? ఒక్క సీసా పగిలినా ఆ ముసలాళ్ళకి మళ్ళీ సూది గుచ్చాలి. ఏటి చెప్పమంటావు ఆళ్ళకి? ఆకాశం నుంచి బొమ్మ పడిందని చెప్పనా?"

సుహాస్ నోరు తెరిచాడు. "మీరు తెలుగా?"

"ఇప్పుడదా ముఖ్యం?"

"ఇది బొమ్మ కాదండి, గ్లైడర్. రేడియోతోని నడుస్తది. దీనికి ఇంజనుండదు. గాలి మీదనే పోతది."

"గాలి మీద పోయేదైతే పడ్డదేటి మరి?"

దానికి సుహాస్ దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, ఆ తరువాత ఏడాది పాటు ఆమె అడిగిన ఏ ముఖ్యమైన ప్రశ్నకీ అతని దగ్గర జవాబు లేదు. ఈ కథంతా ఆ నిర్వాకమే.

ఆమె పెట్టె తెరిచి సీసాలన్నీ ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసింది. ఏదీ పగల్లేదు. కోపం కాస్త దిగింది. పేరు రేబెకా. కలకత్తా న్యూ టౌన్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటరులో పని. ఊరి చివర పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకొస్తుంది. ఇల్లు వాట్‌గంజ్‌లో. తాత చీపురుపల్లి నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల మూటలు మోశాడు, తండ్రి దయారత్నం అదే డాక్‌లో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. సుహాస్‌ది కరీంనగర్. న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదకొండో అంతస్తులో ఒంటరి ఫ్లాటు, శనివారం పొద్దున్నే ఊరు దాటొచ్చి ఖాళీ పొలాల్లో గ్లైడరు ఎగరేసుకోవడం. అంతకుమించి అతని జీవితంలో చెప్పుకోవడానికేమీ లేదు.

స్కూటీ ఎక్కబోతూ ఆమె ఆగింది. "అయినా ఆ ఇటుక బట్టీ మీద గద్దలు తిరుగుతుంటే నువ్వు ఇటేపు ఎగరేసేవేటి?"

సుహాస్ అటు చూశాడు. బట్టీ చిమ్నీకి ఎడమపక్క నాలుగు గద్దలు రెక్క కొట్టకుండా గిరగిరా తిరుగుతూ పైకి పోతున్నాయి. కింద వేడెక్కిన గాలి పైకి లేస్తోందని దాని అర్థం. గ్లైడరు ఎగరేసేవాడు వెతుక్కోవాల్సింది అదొక్కటే. మూడేళ్ళుగా ఎగరేస్తున్న మనవాడు గద్దల్ని చూడనే లేదు.

"మీకెట్ల తెలుసు?"

"డాక్ ఒడ్డున పుట్టేను. చిన్నప్పటి నుంచి గద్దల్ని చూడ్డమే పని," అని ఆమె వెళ్ళిపోయింది.

మరుసటి శనివారం ఆమె అదే దారిన వచ్చింది. ఆ పై శనివారం దారి కాకపోయినా వచ్చింది.

*

గ్లైడరు ఎగరేసేవాళ్ళకి ఒక నియమం ఉంది. దాన్ని నడిపే రేడియో చేతిలో ఉన్నంతసేపూ గ్లైడరు మీంచి కన్ను తియ్యకూడదు. తీశావంటే ఆకాశంలో అది మళ్ళీ దొరకదు. అందుకని వెనక, ఎడమ భుజం దగ్గర, ఇంకొక మనిషి నిలబడాలి. స్టాప్‌వాచ్ చూసి టైము చెప్పాలి. గాలి ఎక్కడ లేస్తోందో, ఎక్కడ పడిపోతోందో చెప్పాలి. ఆ మనిషి రేబెకా అయింది.

"ఆరు నిమిషాలు. కుడికి పో. గద్ద అటెళ్ళింది."

"ఆ గద్దకి ఏం తెల్సు?"

"నీకన్నా బాగా తెలుసు. అది ఎప్పుడైనా స్కూటీ మీద పడిందా?"

ఇలా తొమ్మిది నెలలు. వాళ్ళు మాట్లాడుకోని సంగతి లేదు. అతని వంట గురించి, గడువు తీరిపోయిన ఆమె ఐదో నంబరు బస్సు పాసు గురించి, తెలుగు బైబిలు చదవాలంటే ఆమె ఇప్పటికీ వేలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటుందని కూడా. ఒక వానలో ఇద్దరూ ఒకే రెయిన్‌కోటు కింద గ్లైడరుని దాచి, తాము మాత్రం నిలువునా తడిసి నవ్వుకున్నారు. కానీ ఎదురెదురుగా నిలబడి మాట్లాడింది తక్కువ. ఇద్దరి చూపూ ఆకాశం మీదే. ఆమె గొంతు ఎంత దగ్గరగా తెలుసో, ఆ మాటలన్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో అతనికి అంత తెలియదు.

ఆ పొరపాటు ఖరీదు అక్టోబరులో తెలిసొచ్చింది.

ఫిబ్రవరిలో బెంగళూరు దగ్గర గ్లైడర్ల పోటీ. వెళ్ళాలని సుహాస్‌కి మూడేళ్ళుగా కోరిక. సుహాస్ తన పాత ఫోమ్ గ్లైడరుతో అక్కడికి వెళ్తే నవ్వుతారు. యూరప్‌లో ఒక చిన్న వర్క్‌షాపువాళ్ళు చేసిస్తారు, కానీ మూడు నెలలు పడుతుంది. కాబట్టి ఇప్పుడే ఒకటి ఎంచుకోవాలి. వాళ్ళ దగ్గర రెండున్నాయి.

పెద్దది ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి నాలుగు మీటర్లు. చిన్న మోటారు అర నిమిషం పైకి లాగి ఆగిపోతుంది. ఆపైన పది నిమిషాలు ఉత్త గాలి మీద నిలిచి, గీసిన గుర్తు మీద దిగాలి. ఒకరు రేడియో పట్టుకుంటే ఒకరు దాన్ని ఎత్తి విసరాలి. చిన్నది మీటరున్నర. రెక్క చివరి పుల్లని రెండు వేళ్ళతో పట్టుకుని, మనిషి తన చుట్టూ తాను గిర్రున తిరిగి వదిలేస్తే నిటారుగా పైకి పోతుంది. దిగేటప్పుడు చేత్తోనే పట్టుకోవచ్చు. సాధన ఒక్కడే చేసుకోవచ్చు.

సుహాస్ ఎక్సెల్ షీటు వేశాడు. బరువు, గాలి ఎక్కువుంటే ఏది ముందుకు చొచ్చుకుపోతుంది, గాలి లేనప్పుడు ఏది తేలుతుంది, విరిగితే ఏది అతుక్కుంటుంది, ఇలా ముప్పై నాలుగు వరసలు. అన్నీ నింపాక రెండూ సమానంగా తేలాయి.

ఆ శనివారం గ్లైడరు బట్టీ మీద ఎత్తుగా ఉండగా వెనక నుంచి రేబెకా అంది.

"నాలుగు నిమిషాలు. ఖరగ్‌పూర్ నుంచి నాకు సంబంధం వచ్చింది."

గ్లైడరు ఒక్కసారి ఊగింది. సుహాస్ సర్దుకున్నాడు. కన్ను మాత్రం తియ్యలేదు. నియమం మరి.

"ఎవరు?"

"ఎరిక్ అని. రైల్వేలో గార్డు. మరియదాసుగారని, నాన్నకి పాత స్నేహితుడు, ఆయన కొడుకు."

"మంచోడేనా?"

"మంచోడే. అదే బాధ." ఆమె స్టాప్‌వాచ్ చూసుకుంది. "ఐదు. నాన్నకి వచ్చే ఆదివారం లోపు జవాబు చెప్పాలి. నువ్వు ఆ ఆర్డరెప్పుడు పెడతావు?"

"ఈ వారంలనే పెట్టాలె. లేకపోతే పోటీకి అందదు."

"ఏది కొంటన్నావో నాకు ముందు చెప్పు."

"నువ్వు ఏదంటే అదే కొంటా."

"నన్నడక్కు సుహాస్. పెద్దదానికి ఇద్దరు కావాలి. చిన్నదానికి ఒక్కడు చాలు. నువ్వే తేల్చుకో."

ఇది చదువుతున్న మీకు అర్థమైపోయింది. ఆ పొలం గట్టున టీ అమ్మే ముసలాయనకి తెలుగొచ్చుంటే ఆయనకీ అర్థమయ్యేది. మన సుహాస్‌కి కూడా అర్థం కాకపోలేదు. అదే అసలు దౌర్భాగ్యం. అర్థమయ్యీ అతను భయపడ్డాడు.

వారమంతా ఆఫీసులో కోడ్ బదులు ఆ రెండు బొమ్మలే చూశాడు. పెద్దది ఆర్డరిస్తే నా పక్కన ఉండిపో అని ఆమె చెయ్యి పట్టుకున్నట్టే. మతం వేరు, ఊరు వేరు. ఈస్టర్‌కి ఇంటికి పిలిచి కేకు పెట్టిన దయారత్నం ముఖం ఎలా చూడాలి? ఆ ఎరిక్ మంచివాడట. మంచి సంబంధానికి అడ్డుపడేవాణ్ణి నేనెవర్ని? ఇలా ఆలోచించీ ఆలోచించీ, తన పిరికితనానికి త్యాగమని పేరు పెట్టుకున్నాడు. పేరు బాగుంది కదా అని నమ్మేశాడు కూడా.

మరుసటి శనివారం ఆమె హెల్మెట్ తియ్యకముందే చెప్పేశాడు.

"చిన్నదే ఆర్డర్ పెట్టిన. ఇంక నీకు ఇబ్బందుండదు. ఒక్కణ్ణే ఎగరేసుకుంట."

ఆ రోజు అతని చేతిలో రేడియో లేదు. ఆమె ముఖం చూడొచ్చు. అయినా నేలకేసి చూశాడు.

"మంచిది," అంది రేబెకా. మెడలోని స్టాప్‌వాచ్ తాడు తలమీంచి తీస్తుంటే జుట్టుకి చిక్కుకుంది. అతను సాయం చెయ్యబోతే వద్దని వెనక్కి జరిగి, తనే తెంపుకున్నట్టు లాగి అతని చేతిలో పెట్టింది. "సీసాలు ఎండకి పాడవుతాయి. ఎల్తాను."

మర్నాడే ఎరిక్ వాళ్ళకి సరేనన్నారు.

*

జనవరిలో పొడుగాటి అట్టపెట్టె వచ్చింది. లోపల తెల్లటి రెక్కలు, ఎర్రటి కొసలు. చేత్తో ఎత్తితే బరువే తెలియలేదు. ఏ వంకా పెట్టడానికి లేనంత అందంగా ఉంది. సుహాస్ దాన్ని చూసి ఏడ్చాడు. గ్లైడరు చూసి ఏడ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కలకత్తా మొత్తం మీద ఇంకొకడు ఉండి ఉండడు.

పొలానికి తీసుకెళ్ళాడు. గిర్రున తిరిగి విసిరాడు. పైకి పోయింది. జేబులో ఫోను ఆడగొంతుతో "వన్ మినిట్" అంది. "టూ మినిట్స్" అంది. గద్దల ఊసు దానికి తెలియదు. బట్టీ మీద గద్దలు ఉన్నాయో లేవో చూద్దామంటే కన్ను తిప్పే వీల్లేదు. మూడో నిమిషంలో గ్లైడరు అతని చేతిలోకే వచ్చి వాలింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ వచ్చి వాలింది. టీ ముసలాయన అడగనే అడిగాడు, దీదీ రాలేదేం అని. సుహాస్‌కి బెంగాలీ రానట్టు నటించడం తేలికైంది.

వారం వారం అంతే. తిండి సయించలేదు. ఒక్కడు చాలు అనుకున్న పనికి ఒక్కడు ఏ మాత్రం చాలడని ప్రతి శనివారం రుజువవుతూనే ఉంది. ఆమెకి ఫోన్ చేద్దామని తీసి, ఏ ముఖంతో అని పెట్టేసేవాడు.

ఫిబ్రవరి మొదట్లో దయారత్నమే ఫోన్ చేశాడు.

"బాబూ, కనపట్టం మానేసేవు. ఈ ఆదివారం మా రేబెకమ్మ పెళ్ళికి మూడో ప్రకటన. చర్చికి రా, అట్నుంచటే ఇంట్లో భోజనం. నువ్వు రాపోతే నేనూరుకోను."

పోటీ కూడా ఆ ఆదివారమే. బెంగళూరు టికెట్టు తీసి ఉంది. సుహాస్ రద్దు చేసుకున్నాడు. అన్నేళ్ళ కోరిక పోతుంటే అతనికి చీమ కుట్టినట్టైనా లేదు.

*

ఖిదిర్‌పూర్ దగ్గరి ఆ తెలుగు చర్చి చిన్నది. మగవాళ్ళు ఒకపక్క, ఆడవాళ్ళు ఒకపక్క కూర్చున్నారు. దయారత్నం సుహాస్‌ని తన పక్కనే కూర్చోబెట్టుకుని, అందరూ లేచినప్పుడు లెమ్మని, కూర్చున్నప్పుడు కూర్చోమని మోచేత్తో పొడుస్తూ చెబుతున్నాడు. అవతలి వరసలో రేబెకా, తలమీద కొంగు కప్పుకుని, తల్లి విజయ కుమారి పక్కన ఉంది. చిక్కిపోయింది. ఇటు చూడలేదు.

పాస్టరుగారు కాగితం విప్పారు.

"దయారత్నం, విజయ కుమారిల కుమార్తెయైన రేబెకాకును, ఖరగ్‌పూర్ సంఘస్థుడైన మరియదాసు కుమారుడైన ఎరిక్‌కును వివాహము జరుగనైయున్నది. ఇది మూడవ ప్రకటన. ఈ వివాహము జరుగకూడదని ఎవరికైనను అభ్యంతరమున్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను."

ఆయన కాగితం మీంచి తలెత్తి ఆగారు.

పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఇలా చర్చిలో చదివే ఆచారం ఉందని సుహాస్‌కి తెలియదు. ఇలా అందరి ముందూ అడుగుతారని, అడిగి ఆగుతారని అతను ఊహించలేదు. సెకన్లు లెక్కపెట్టడం అలవాటైన ప్రాణం. ఒకటి. రెండు. అప్పుడు రేబెకా తలతిప్పి చూసింది. నేరుగా అతని ముఖంలోకి. మూడు. ఆ కళ్ళలో ఉన్నది కోపం కాదు. ఎదురుచూపు.

నాలుగో సెకనుకి సుహాస్ లేచి నిలబడ్డాడు.

నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు దయారత్నం అతని చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"ఇప్పుడు కాదు బాబూ," అన్నాడు గుసగుసగా, ఎంతో ప్రేమగా. "పాటకి నిలబడతాం. కూకో."

వెనక వరస వాళ్ళు నవ్వుముఖంతో చూశారు. పాపం, హిందువుల అబ్బాయి, ఎప్పుడు లేవాలో తెలియదని. పాస్టరుగారు కూడా ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపారు. పెద్దవాళ్ళు కూర్చోమంటే కూర్చోవడం సుహాస్‌కి చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన మర్యాద.

కూర్చున్నాడు.

"అభ్యంతరమేమియు లేదు గనుక..." అని పాస్టరుగారు కాగితం మడిచారు.

పాట మొదలైంది. అందరూ లేచారు. సుహాస్ ఒక్కడే లేవలేకపోయాడు.

*

వాట్‌గంజ్‌లో వాళ్ళది రెండో అంతస్తు. భోజనాలు వడ్డిస్తుంటే సుహాస్ చెయ్యి కడుక్కునే నెపంతో బయట మెట్ల మీదికి వచ్చేశాడు. వెనకాలే రేబెకా నీళ్ళ చెంబుతో వచ్చింది.

"లేచేవు," అంది.

"లేచిన."

"చెప్పడానికే లేచేవు కదా?"

"చెప్పడానికే."

"మరెందుకు కూర్చున్నావు?"

"మీ నాన్న కూర్చోమన్నరు."

రేబెకా చెంబు కింద పెట్టింది. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మెట్టు మీద కూలబడింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో సుహాస్‌కి తెలియలేదు.

"మూడు ఆదివారాలు," అంది. "మొదటిసారి చదివినప్పుడు గుమ్మం వేపు చూసేను. రెండోసారీ చూసేను. నువ్వు వస్తావని. తీరా వచ్చి, లేచి, మా నాన్న కూర్చోమన్నారని కూర్చున్నావా?"

"చిన్నది కొన్నది నీ కోసమే రేబెకా. నీకు అడ్డం రావొద్దని."

"నా కోసమైతే నన్నడగాలి. పెద్దదానికి ఇద్దరు కావాలని చెప్పేను. అంతకన్నా ఎలా చెప్పమంటావు? ఆడపిల్లని, నోరు తెరిచి నన్ను చేసుకో అని అడగమంటావా?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ఒక్కడివే చాలనుకున్నావని ఎరిక్‌కి సరేనన్నాను. ఆ మంచివాడికి నేను రోజూ ఫోన్‌లో అబద్ధం చెప్తన్నాను. పెళ్ళి పన్నెండో తారీకు. ఇంక ఏటుంది?"

"నువ్వంటే నాకు..."

"నాకు చెప్పకు. నాకెప్పుడో తెలుసు. తెలిసి ఏటి లాభం?"

సుహాస్ నీళ్ళ చెంబు కేసి చూస్తూ నిలబడ్డాడు. ఇంతకన్నా పోవడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదనిపించింది. వెనక్కి తిరిగి లోపలికి నడిచాడు.

దయారత్నం ముద్ద కలుపుతున్నాడు. "రా బాబూ, కూకో. చేపల పులుసు సల్లారిపోతంది."

"కూర్చోను అంకుల్. చర్చిలో నేను పాట కోసం లేవలే. అభ్యంతరం చెప్పటానికి లేచిన. నేను రేబెకాని ప్రేమిస్తున్న. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. చెప్పలే."

విజయ కుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "మూడు సార్లు చదివేసేక ఏటి బాబూ ఇది?" అని నేల మీద కూర్చుండిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలెట్టింది.

దయారత్నం గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు చూశాడు. "నిజవేనా?"

"అవున్నాన్నా."

"మరి ఎరిక్‌ని ఒప్పుకున్నావేటి?"

"ఈయన చిన్నది కొన్నారు నాన్నా."

"ఏటి సిన్నది?" అని అడిగాడాయన. చెప్పినా ఆయనకి బోధపడేది కాదు. చేతిలోని ముద్దని తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. ముఖం ఒక్కసారిగా పదేళ్ళు పెద్దదైంది. సంఘంలో తల ఎలా ఎత్తుకోవాలో, నలభై ఏళ్ళ స్నేహితుడికి ఏమని చెప్పాలో అంతా ఆ ముఖంలో కనపడుతోంది. సుహాస్‌కి ఆ క్షణంలో భూమి చీలితే బాగుండుననిపించింది. అయినా కదల్లేదు.

"నేనే లాగి కూకోబెట్టేను," అన్నాడు దయారత్నం చివరికి, తనలో తను అనుకున్నట్టు.

లేచి చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా తొడుక్కుని బొత్తాలు తప్పుగా పెట్టుకుంటుంటే రేబెకా దగ్గరికెళ్ళి సరిచెయ్యబోయింది. ఆయన వద్దనలేదు. అలాగని ఆమె వైపు చూడనూ లేదు.

"ఫోన్లో సెప్పే మాట కాదిది. హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కి మధ్యాన్నం లోకల్ ఉంది," అన్నాడు. "ఆళ్ళు తిడతారు. తిట్టాలి కూడాను. ఆ కుర్రోడు ఏ పాపం ఎరగడు. ఆడి ముందు నిలబడి నా కూతురి తరపున నేను సెప్తాను. నీ మాట నువ్వు సెప్పాలి. వస్తావా?"

"వస్త అంకుల్."

"నేను మిమ్మల్ని దీవిస్తానని ఇప్పుడే అనుకోకు. ముందు ఆ ఇంట్లోంచి మనుషుల్లా బయటపడాలి." గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెనక్కి తిరిగాడు. "ఒక్క మాట బాబూ. మరియదాసు మర్యాదస్తుడు. నువ్వు ఎల్లగానే కూకోమంటాడు. కూకోకు."

సుహాస్ తలూపబోయి ఆగాడు.

"కూర్చోను అంకుల్," అని నోటితోనే, రేబెకాకి కూడా వినపడేలా చెప్పాడు.